గుండె నిజంగా ఆగిందా?

యోగి ఊపిరి బిగబట్టాడు. మణికట్టు దగ్గర నాడి దొరకలేదు. స్టెతస్కోపులో చప్పుడూ వినిపించలేదు. మరి గుండె ఆగిపోయినట్టేనా?

ఈ సంగతి తేల్చడానికి అమెరికాలో పనిచేసే వెంగర్, బాగ్చీలూ, మన ఢిల్లీకి చెందిన ఆనంద్ కలిసి అలాంటి యోగులను పరీక్షించి, 1961లో ఫలితాలు ప్రకటించారు. ఇ.సి.జి. యంత్రం గీసే గీత మాత్రం ఆగలేదు! గొంతు మూసి, ఛాతీ కండరాలు గట్టిగా బిగిస్తే ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది. అందుకే నాడి అందదు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. (మీరు ఇది చేయకూడదు సుమా!)

అసలు యోగం ఇలాంటి వింతల కోసం పుట్టలేదు. పతంజలి యోగసూత్రాలు దాదాపు 195. ఆసనం గురించి చెప్పినవి 3 మాత్రమే! తక్కినవాటిలో ఎక్కువ భాగం మనస్సు సంగతే.

మనస్సూ, గుండే చెప్పగానే మాట వినవు. ఊపిరి అలా కాదు. దానంతటదే నడుస్తుంది, మనం నడిపించినా నడుస్తుంది. యోగులు దాన్ని పట్టుకున్నది అందుకే.

మీరే చేసి చూడండి. వెన్ను నిటారుగా ఉంచి హాయిగా కూర్చుని, మణికట్టు మీద బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించండి. 4 లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 లెక్కపెడుతూ మెల్లగా వదలండి. బిగబట్టకండి. పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగానూ, వదిలేటప్పుడు నెమ్మదిగానూ కొట్టుకోవడం తెలుస్తుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం, గాలి వదిలేటప్పుడు కళ్లెం కొంచెం బిగిస్తుందన్నమాట.

ఇలా 5 నిమిషాలు చేయండి. రెండో నిమిషంలోనే లెక్క తప్పి, మనస్సు క్రికెట్ ఆటకు పరుగెత్తుతుంది. విసుక్కోకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. లెక్క ఎన్నిసార్లు తప్పిందో వారం రోజులపాటు నోటుపుస్తకంలో రాసి చూడండి.