72తో గుణించి చూడండి!

మా తాడిపత్రికి వచ్చినవారు చింతల వెంకటరమణస్వామి ఆలయంలో గరుడ మండపం చూడకుండా వెళ్ళరు. అది రథం ఆకారంలో ఉంటుంది. కదలని రాయిని చూస్తే కదిలే రథం ఎందుకు గుర్తుకొస్తుంది? శిల్పి శ్రద్ధగా చెక్కిన చిన్న చిన్న వివరాలవల్లనే గదా! విమాన నమూనా సంగతీ అంతే.

నేను పదో తరగతి చదివే రోజుల్లో మా మామయ్య బెంగుళూరు నుండి ఒక అట్టపెట్టె తెచ్చిచ్చాడు. అందులో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ప్లాస్టిక్ భాగాలున్నాయి. ఒక్క సాయంత్రంలో అతికించేశాను. ఏరియల్ తీగ లేదని, నేనే ఒక మిల్లీమీటరు రాగితీగ బిగించి, గర్వంగా బడికి తీసుకుపోయాను. మా సైన్సు అయ్యవారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అసలు విమానంలో ఈ తీగ ఎంత లావుంటుందిరా?" అని మాత్రం అడిగారు.

ఆ నమూనా కొలత 1/72. అంటే ఆరడుగుల మనిషి అందులో ఒక అంగుళం ఉంటాడు. 11.23 మీటర్ల రెక్కల వెడల్పు 15.6 సెంటీమీటర్లవుతుంది. మరి నా తీగ? 1 × 72 = 72 మిల్లీమీటర్లు! విమానం మీద తీగకు బదులు దూలం కట్టాను. సిగ్గుతో దాన్ని పీకితే, కమ్మీ కూడా విరిగి వచ్చింది. పెట్టె అటకెక్కింది.

దాదాపు నలభై ఏళ్ళ తర్వాత, పోయిన వేసవిలో దాన్ని మళ్ళీ దించాను. పెట్టెలోని గుర్తుల కాగితం పసుపుబారి, ముట్టుకుంటే పొడి అయింది. గుర్తులు చేత్తోనే వేయాలి. ఏ విమానం గుర్తులు వేద్దాం?

మనకు దగ్గరిదే ఒకటుంది. బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అని పేరు. నిజాం విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగాయే! 1940లో ఇంగ్లండును కాపాడిన గగన యుద్ధంలో ఈ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు పోరాడాయి. వాటి పక్కలమీద బూడిద రంగులో యు, ఎం అనే ఇంగ్లీషు అక్షరాలుండేవి. వాటిని సన్న కుంచెతో వేశాను.

ఇక ఏరియల్ తీగ. మన వెంట్రుక మందం సుమారు 0.07 మిల్లీమీటర్లు. 72తో గుణిస్తే 5 మిల్లీమీటర్లు. తీగకు ఇది నప్పుతుంది. అంత సన్నని తీగను మీరే చేసుకోవచ్చు. భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం నుండి ఒక పుల్ల తుంచండి. కొవ్వొత్తి మంటకు తగలకుండా, కాస్త పైన తిప్పుతూ వేడిచేయండి. మెత్తబడగానే మంట నుండి పక్కకు తెచ్చి రెండు కొసలూ లాగండి. వెంట్రుకంత దారం వస్తుంది! ఈ ప్లాస్టిక్ పేరు పాలిస్టైరీన్. సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర దీని గొలుసుల్లాంటి పొడవైన అణువులు ఒకదానిపై ఒకటి జారతాయి. చల్లారగానే ఎక్కడివక్కడ బిగుసుకుంటాయి. ఈ పని పెద్దవాళ్ళ ఎదుటే, కిటికీలు తెరిచి చేయండి సుమా!

అయితే తీగ అన్ని స్పిట్‌ఫైర్లకూ ఉండదు. 1940లో కొత్తరకం వి.హెచ్.ఎఫ్. రేడియోలు వచ్చాక దాని అవసరం తప్పింది. కాబట్టి మీరు చేసే విమానం ఎప్పటిదో ముందు తెలుసుకోవాలి.

సీటు పట్టీ ఐదు సెంటీమీటర్లనుకుంటే, నమూనాలో 0.7 మిల్లీమీటర్లు. టీ పొట్లంలోని రేకు కాగితాన్ని అంత సన్నగా కోస్తే చాలు. మరి రెక్కల్లోని ఎనిమిది తుపాకుల గొట్టాలు? లోపలి వ్యాసం 7.7 మిల్లీమీటర్లు. 72తో భాగిస్తే 0.1! అంత రంధ్రం మనం తొలవలేం. తొలవనక్కర్లేదు కూడా. తేమ చేరి తుపాకులు గడ్డకట్టకుండా ఆ రంధ్రాలమీద ఎర్రని గుడ్డముక్కలు అతికించేవారు. ఎర్రరంగు చుక్కలు పెడితే సరిపోతుంది. చరిత్ర చదివితే చేతిపని కూడా తేలికవుతుందన్నమాట!

ఈ లెక్క విమానాలకే కాదు. మీ ఊరి ఎద్దులబండిని కొలిచి, 1/20 కొలతలో అట్టతో చేయండి. ప్రతి ముక్కనూ అతికించే ముందు 20తో గుణించి, అసలు బండితో పోల్చి చూడండి.

మా అయ్యవారు ఇప్పుడు లేరు. కాని కొత్త తీగ బిగించేముందు ఆయన ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసుకున్నాను: 5 మిల్లీమీటర్లు.