వించ్ మూలుగుతోందా? కొత్త బ్యాటరీ కొనేముందు మల్టీమీటర్ తీయండి

పోయిన వర్షాకాలం వికారాబాద్ వైపు ఓ మట్టిరోడ్డులో మా ఫ్రెండ్ జీపు యాక్సిల్ దాకా బురదలో దిగబడింది. ముందు బంపర్‌కి కొత్తగా బిగించిన వించ్ ఉందిగా అని మా ధైర్యం. తాడు లాగి చెట్టుకి కట్టి బటన్ నొక్కితే మోటార్ మూలిగింది, డ్రమ్ అర చుట్టు తిరిగింది, అంతే. చీకటి పడుతోంది, ఫోన్‌లో సిగ్నల్ లేదు.

“బ్యాటరీ పోయింది మామా, కొత్తది కొనాల్సిందే” అన్నాడు వాడు. అందరూ ముందు అనేది అదే. కానీ ఆ రోజు బ్యాటరీ తప్పేం లేదు.

ముందు లెక్క చూద్దాం

9,500 పౌండ్ల (సుమారు 4,300 కిలోలు) 12 వోల్టుల వించ్ ఫుల్ లోడ్‌లో దాదాపు 400 ఆంపియర్లు లాగుతుంది. అంటే 4,800 వాట్లు. మన 65 వాట్ల ఫోన్ చార్జర్లు డెబ్బై పైచిలుకు ఒకేసారి పెట్టినట్టు! ఇంత కరెంట్ దగ్గర ఓమ్స్ లా అస్సలు జాలి చూపించదు. ఎక్కడో ఒక జాయింట్‌లో 0.01 ఓమ్ రెసిస్టెన్స్ ఉన్నా చాలు, 4 వోల్టులు అక్కడే పోతాయి. పోయిందంతా వేడి అవుతుంది. మోటార్‌కి మిగిలేది 8 వోల్టులే.

శబ్దం బట్టి సగం తెలిసిపోతుంది

వించ్‌లో రెండు సర్క్యూట్లు ఉంటాయి. రిమోట్ నుంచి వెళ్లే చిన్న కరెంట్ కాంటాక్టర్‌ని ఆన్ చేస్తుంది. ఆ కాంటాక్టర్ పెద్ద కరెంట్‌ని మోటార్‌కి పంపుతుంది.

• క్లిక్ శబ్దమే లేదు: ఐసోలేటర్ స్విచ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. తర్వాత రిమోట్ ప్లగ్ పిన్నుల తుప్పు, వైర్‌లెస్ అయితే రిమోట్‌లో సెల్, కాంటాక్టర్‌కి వెళ్లే సన్నటి ఎర్త్ వైరు చెక్ చేయండి.
• క్లిక్ వస్తోంది, మోటార్ కదలట్లేదు: బటన్ నొక్కి మోటార్ టెర్మినల్స్ దగ్గర వోల్టేజ్ చూడండి. సరిపడా వస్తుంటే మోటార్ బ్రష్‌ల మీద అనుమానం. రాకపోతే కాంటాక్టర్ లేదా లూజు కేబుల్.
• ఒకవైపే తిరుగుతోంది: రిమోట్ స్విచ్, లేదా కాంటాక్టర్‌లో ఆ దిశ కాంటాక్టులు.
• బటన్ వదిలినా ఆగట్లేదు: కాంటాక్టులు అతుక్కుపోయాయి. వెంటనే ఐసోలేటర్ ఆఫ్ చేయండి. అందుకే ఆ స్విచ్ లేకుండా వించ్ వాడొద్దు.

అసలు టెస్ట్: వోల్టేజ్ డ్రాప్

ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 చూపించినంత మాత్రాన కేబుల్స్ బాగున్నట్టు కాదు. లోడ్‌లో కొలవాలి. మీటర్ ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, రెండోది మోటార్‌కి ప్లస్ చేరే టెర్మినల్ మీద పెట్టి బటన్ నొక్కాలి. తర్వాత బ్యాటరీ మైనస్‌కీ, మోటార్ బాడీకీ మధ్య ఇలాగే. ఏ వైపైనా అర వోల్టు దాటితే అక్కడ ఏదో ఉందన్నమాట.

మేం ప్రోబ్‌లకి క్లిప్పులు, పొడవైన వైరు ముక్కలు తగిలించి, తాడుకి దూరంగా పక్కకు జరిగాకే బటన్ నొక్కాం. ఇంజన్ ఆన్‌లో ఉంది. బ్యాటరీ దగ్గర 12.1, మోటార్ దగ్గర 9.0. ప్లస్ వైపు 0.4 పోతోంది, మైనస్ వైపు ఏకంగా 2.7!

ఎర్త్ కేబుల్ వెంట వెళ్లి చూస్తే సంగతి అర్థమైంది. ఫిట్ చేసినాయన దాన్ని బ్యాటరీ దాకా తేకుండా, పెయింట్ వేసిన బ్రాకెట్‌కి బోల్టు బిగించేశాడు. బ్యాటరీ మైనస్ ఊడదీసి, ఆ పెయింట్ గీకి గట్టిగా బిగించాం. చక్రాల ముందు బురద తవ్వి, పుల్లీ వేసి తాడుని రెండు వరసలు చేశాం. స్పీడ్ సగమవుతుంది కానీ మోటార్ మీద లోడ్ కూడా దాదాపు సగమవుతుంది, కరెంట్ తగ్గుతుంది. ఈసారి జీపు కదిలింది. ఇంటికొచ్చాక మోటార్ నుంచి బ్యాటరీ మైనస్‌కి నేరుగా లావు కేబుల్ వేయించాం.

ఈ తప్పులు చేయకండి

మామూలు మల్టీమీటర్‌లో కరెంట్ సాకెట్ 10 ఆంపియర్లకే. దాంతో వించ్ కరెంట్ కొలవాలని చూడొద్దు. డీసీ క్లాంప్ మీటర్ కావాలి, ఏసీ మాత్రమే కొలిచేది పనికిరాదు. ఆల్టర్నేటర్ ఇచ్చేది వించ్ లాగేదాంట్లో కొంతే కాబట్టి కాసేపు లాగి, కాసేపు ఆపండి. మోటార్ చల్లారుతుంది, బ్యాటరీ కోలుకుంటుంది. కేబుల్ ముట్టుకునేముందు ఐసోలేటర్ ఆఫ్, బ్యాటరీ మైనస్ ఊడదీయడం తప్పనిసరి. బిగుసుకున్న తాడు దగ్గర ఎవరూ నిలబడకూడదు.

ఈ టెస్ట్‌కి మామూలు మల్టీమీటర్ చాలు. ట్రిప్‌కి వెళ్లేముందే, ఇంటి ముందు, పగటిపూట ఒక్కసారి చేసి చూడండి. మా వాడి పాత బ్యాటరీ ఇప్పటికీ బండిలోనే ఉంది.