ఎముకను మెత్తబరచుట

శుభ్రపరచిన కోడి ఎముకను వెనిగరులో వేసి, దినము విడిచి దినము వెనిగరును మార్చుచు వారము రోజులుంచుడు. ఎముక ఆకారము మారదు. కాని రబ్బరువలె వంగును. గట్టిదనమునిచ్చు కాల్షియము ఫాస్ఫేటు లవణము ఆమ్లములో కరగిపోగా, కొల్లాజెను అను మాంసకృత్తు మిగులుటయే ఇందుకు కారణము.

ఆసుపత్రి ప్రయోగశాలలో జరుగు పనియు ఇదియే. రోగి ఎముకముక్కను సూక్ష్మదర్శినిలో చూచుటకు మిల్లీమీటరులో 200వ వంతు మందముగల పొరలుగా కోయవలెను. లవణమున్నచో కత్తి మొక్కవోవును, ముక్క చిట్లును. కనుక ముందు ఫార్మలిన్‌లో ఉంచి కణములను చెడకుండ స్థిరపరచి, పిమ్మట ఫార్మిక్ ఆమ్లములోగాని 5 శాతము నత్రికామ్లములోగాని నానవేయుదురు.

ముక్కను ఎప్పుడు తీయవలెను? వాడిన ఆమ్లమును కొంచెము తీసి, అమ్మోనియాతో తటస్థపరచి, అమ్మోనియము ఆక్జలేటు కలుపవలెను. తెల్లని మడ్డి ఏర్పడినచో కాల్షియము ఇంకను వచ్చుచున్నదన్నమాట. ద్రవము తేటగా నిలిచినచో పని ముగిసినది. తొందరపడి ఘాటైన ఆమ్లము వాడినను, ముక్కను మరచి ఎక్కువకాలముంచినను కణకేంద్రకములు సరిగా రంగు పట్టవు. కేన్సరు కణమును గుర్తించుట కష్టమగును. ఈ.డి.టి.ఏ. అను పదార్థము చేయు హాని తక్కువ, కాని దానికి వారములు పట్టును.

మన కంభమునకు తూర్పునగల పొదిలి, కనిగిరి ప్రాంతములలో మరియొక సంగతి గమనింపదగును. త్రాగునీటిలోని ఫ్లోరైడు ఎముకలో చేరి వ్యాధి కలిగించును. దీనిని గూర్చి మన దేశములో తొలి నివేదిక 1937లో నాటి నెల్లూరు జిల్లానుండి వెలువడినది. అట్టి ఎముకలో లవణము పట్టిన భాగమెంతో, పట్టనిదెంతో తెలియవలెనన్న కాల్షియమును తొలగింపరాదు. ముక్కను గట్టి రెసినులో పొదిగి కోయవలెను. కావుననే వైద్యుడు తానేమి తెలిసికొనగోరుచున్నాడో ముక్కతోపాటు వ్రాసి పంపవలెను.