వెలుగు ముందు, చప్పుడు వెనక

ఏందబ్బయా, వీక్లీ టెస్టులో మార్కులు తగ్గాయని మేడెక్కి కూర్చున్నావా? కూర్చో. ఇంకాసేపట్లో శ్రీహరికోటలో రాకెట్ లేస్తుంది, చూస్తూ మాట్లాడుకుందాం.

అదుగో! వెలుగు కనపడిందా? మరి చప్పుడేదీ? ఆగు. వెలుగు రెప్పపాటులో వచ్చేస్తుంది. చప్పుడు మాత్రం కిలోమీటరుకు దాదాపు 3 సెకన్లు తీసుకుంటుంది... ఆ, వచ్చింది! కిటికీ రెక్కలు ఎట్లా గడగడలాడుతున్నాయో విను.

చదవడంలోనూ ఇట్లాంటి వ్యవహారమే ఉంది. కంటికి ఆనిన అక్షరం బుర్రలో చప్పుడు కావాలి. మాట మనిషికి వింటూ వింటూ అదే అబ్బుతుంది. రాత పుట్టి 5 వేల ఏళ్లు దాటిందంతే. అందుకని మెదడులో చదువుకంటూ వేరే గది లేదు. వస్తువుల్ని గుర్తుపట్టే చోటికీ, మాటలు పట్టే చోటికీ మధ్య ఎవరికి వాళ్లు దారి వేసుకోవాల్సిందే. కొందరికి ఆ దారి పడటం కష్టం, నడక నిదానం. దాన్నే డిస్లెక్సియా అంటారు. తెలివికీ దానికీ లంకె లేదు. పైగా మన లిపి చూడు, ‘ద’ కింద చిన్న గీత పెడితే ‘ధ’, ‘వ’కు తోక తగిలిస్తే ‘మ’!

ఫిజిక్స్ లెక్క నేను చదివి వినిపిస్తే నువ్వు టకటకా చెప్తావు. అదే లెక్క కాగితం మీదుంటే మూడుసార్లు చదువుతావు. మీ కాలేజీవాళ్లు అది గమనించకుండా నిన్ను కింది సెక్షన్లో పడేశారు. నాకు ఒళ్లు మండిందనుకో.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ ఇబ్బందికీ చోటుంది. అర్హత పత్రం ఉంటే జేఈఈ మెయిన్ 3 గంటల పరీక్షకు ఇంకో గంట ఇస్తారు.

ఏందీ, అది జాలిపడి ఇచ్చే గంటా? 2019 జూలై 15 తెల్లవారుజామున, చంద్రయాన్-2 లేవడానికి 56 నిమిషాల ముందు ఇక్కడే కౌంట్‌డౌన్ ఆపేశారు. లోపం సరిచేసి 22న వదిలారు. దాన్ని మొద్దు రాకెట్ అని ఎవరైనా అన్నారా? దాని ఆర్బిటరే 2023లో చంద్రయాన్-3కి సాయపడింది.

రేపు పొద్దున సూళ్లూరుపేటలో మద్రాసు లోకల్ ఎక్కుదాం. అక్కడ సైకాలజిస్టు నీచేత చదివించి, రాయించి చూస్తారు, అంతే. పత్రం సంగతి తర్వాత ప్రభుత్వాసుపత్రిలో చూసుకుందాం. మీ నాయనకు నేను చెప్తాలే. పద, కింద అవ్వ దోసెలు పోస్తోంది.