గడ్డ కరిగింది, గుర్తు మిగిలింది

అమ్మడూ, గర్భం వచ్చిందో లేదో చూసుకోవడానికి మందుల షాపులో పట్టీ కొంటారే, అందులో రెండో గీత పడేది హెచ్‌సీజీ అనే హార్మోను వల్ల. దాన్ని తయారుచేసేది మాయ. గర్భం లేని ఆడమనిషి రక్తంలో అది దాదాపు ఉండదు. ఒక కేన్సర్‌ని పూర్తిగా నయం చేయడం డాక్టర్లకు నేర్పింది కూడా ఈ హార్మోనే. ఆ కథలో మన భీమవరంలో పుట్టిన పెద్దాయన ఉన్నారు, కాస్త తీరిగ్గానే చెబుతాను.

అరుదుగా మాయ కణాలే కేన్సర్‌గా మారతాయి. కోరియోకార్సినోమా అంటారు. బిడ్డ లేకుండా కడుపులో నీటిబుడగలు పెరిగే ముత్యాల గర్భం తర్వాత దీని భయం ఎక్కువ. మామూలు కాన్పు తర్వాత కూడా రావచ్చు. ఊపిరితిత్తులకు త్వరగా పాకుతుంది. 1950ల దాకా అలా పాకిందంటే ఆ తల్లి మీద ఆశ వదులుకునేవారు.

1956లో అమెరికా జాతీయ కేన్సర్ సంస్థలో మిన్ చియు లీ అనే చైనా డాక్టరు, రాయ్ హెర్ట్జ్‌తో కలిసి ఇలాంటి రోగులకు మెథోట్రెక్సేట్ ఇచ్చాడు. ఆ మందు ఎక్కడిదనుకున్నావ్? నేను చెప్పిన భీమవరం పెద్దాయన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలు నడిపిన లెడర్లీ ప్రయోగశాలది. పెరిగే కణానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అది కణానికి పనికిరాకుండా ఈ మందు అడ్డుపడుతుంది. సుబ్బారావు గారు 1948లోనే పోయారు. ఈ తల్లులు కోలుకుని ఇళ్లకు వెళ్లడం ఆయన చూడలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

మందు పడ్డాక ఎక్స్‌రేలో మచ్చలు పోయాయి, మనుషులు తేరుకున్నారు. ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవారే. లీ మాత్రం మూత్రంలో హెచ్‌సీజీ కొలుస్తూనే ఉన్నాడు. తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అంటే కంటికి కనపడని కణాలు ఇంకా ఎక్కడో దాన్ని తయారుచేస్తున్నాయి, ఇది నివురుగప్పిన నిప్పే అని ఆయన పట్టుబట్టి మందు కొనసాగించాడు. అదేమీ సామాన్యమైన మందు కాదమ్మా. నోరు పూసిపోతుంది, రక్తకణాలు పడిపోతాయి. జబ్బు తగ్గిన మనిషి మీద ప్రయోగాలేమిటని పైవాళ్లు తప్పుబట్టారు, చివరికి ఆయన ఆ సంస్థ వదిలి వెళ్లాల్సి వచ్చింది. తీరా కాలం గడిచాక చూస్తే, ముందుగా మందు ఆపినవాళ్లకు జబ్బు తిరగబెట్టింది. హార్మోను పోయేదాకా వాడినవాళ్లు నిలిచారు. 1972లో ఆయనకు లాస్కర్ పురస్కారం దక్కింది.

ఇవాళ ముత్యాల గర్భం తీసేశాక వారం వారం బీటా హెచ్‌సీజీ చూసేది అందుకే. మామూలు స్థాయికి దిగాక కూడా కొన్ని నెలలు చూస్తారు. అందాకా గర్భం రాకుండా జాగ్రత్తపడమంటారు. వస్తే ఆ హార్మోను పెరిగింది బిడ్డ వల్లో జబ్బు వల్లో తేల్చడం కష్టం. రక్తస్రావం ఆగింది కదా అని మధ్యలో మానేసేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. వేళకు పట్టుకుంటే ఈ జబ్బు నూటికి తొంభై మందికి పైగా నయమవుతోంది, చాలామందికి గర్భసంచి తీయాల్సిన పని కూడా రావడం లేదు.

ఇంత నికరమైన గుర్తు అన్ని కేన్సర్లకూ దొరకలేదు. మీ పిన్ని చెకప్‌లో సీఏ 125 అనే రక్తపరీక్షలో అంకె ఎక్కువొచ్చిందని నువ్వు కంగారుపడుతున్నావు చూడు, అది అండాశయ కేన్సర్‌లో పెరిగే మాట నిజమే. కానీ నెలసరి రోజుల్లో, ఎండోమెట్రియోసిస్‌లో, కడుపులో క్షయ ఉన్నప్పుడు కూడా మామూలు హద్దు అయిన 35 దాటవచ్చు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్లతో ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఏ లక్షణాలూ లేనివాళ్లకు ఈ పరీక్షలు చేయడం వల్ల ఆ కేన్సర్ చావులు తగ్గలేదని 2021లో తేల్చారు. కేన్సర్ ఉందని తెలిసినవాళ్లలో, కీమోకి ముందు ఎంత, తర్వాత ఎంత అని పోల్చి చూసేటప్పుడు మాత్రం ఇదే పరీక్ష ఎంతో ఆసరా.

పిన్నికి ఫోన్ చేసి, రక్తం ఇచ్చింది నెలసరి రోజుల్లోనేమో అడుగు. కడుపుబ్బరం, పొత్తికడుపులో నొప్పి లాంటివి ఉన్నాయేమో కూడా అడుగు. ఆ కాగితం తీసుకుని ఈ వారంలోనే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లమను, స్కాన్ కావాలో, పరీక్ష మళ్లీ చేయించాలో ఆవిడ చెబుతుంది.