అర్థమైతేనే అవార్డు!

నాలుగేళ్ల పిల్లాడి ముందు ఓ మిఠాయి పెట్టి ‘నేనొచ్చేదాకా తినకుండా ఉంటే రెండిస్తా’ అంటే ఏం చేస్తాడు? అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ 1960ల చివర్లో మొదలుపెట్టిన ప్రయోగమిది. కళ్లు మూసుకునో, పాటలు పాడుకునో మనసు మళ్లించుకున్న పిల్లలు ఎక్కువసేపు ఆగగలిగారు. ఓపిక నేర్పితే వస్తుందన్న ఆ ఆలోచనకే 2011లో గ్రావెమయర్ అవార్డు దక్కింది.

కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ విశ్వవిద్యాలయంలో ఈ అవార్డుల్ని 1984లో నెలకొల్పింది అక్కడి పూర్వ విద్యార్థి, పారిశ్రామికవేత్త చార్లెస్ గ్రావెమయర్. సంగీతంతో మొదలై ప్రపంచ వ్యవస్థ మెరుగుదల, విద్య, మతం, మనస్తత్వశాస్త్రాలకూ విస్తరించాయవి. గొప్ప ఆలోచన పండితులకే కాదు, మామూలు మనిషికీ అర్థం కావాలన్నది ఆయన పట్టుదల. అందుకే ఎంపికలో ఆ రంగాలతో సంబంధం లేనివాళ్లకూ చోటిచ్చారు. విజేతలు లూయీవిల్ వచ్చి తమ ఆలోచనని జనానికి విడమరిచి చెప్పడం ఆనవాయితీ అయింది. ఆ ఉపన్యాసాలకు టికెట్ లేదు, ఎవరైనా వెళ్లి వినొచ్చు.

1990లో విద్యారంగ విజేత హోవార్డ్ గార్డ్‌నర్. తెలివంటే లెక్కలూ భాషే కాదు, సంగీతమూ ఆటలూ నలుగురితో కలిసిపోవడమూ తెలివేనన్నది ఆయన సిద్ధాంతం. మార్కులు తగ్గాయని పిల్లల్ని కోప్పడబోయే ముందు ప్రతి ఇంట్లోనూ వినాల్సిన పాఠమే కదూ!