బురదకీ ఓ కాపలా

పోయినేడు చలికాలంలో మా అమ్మాయి పురిటికని అమెరికా వెళ్లాను. కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ హేవెన్ అనే ఊరు. మన విశాఖలాగే అదీ రేవు ఊరే. కాకపోతే చలికి చెవులు ఊడిపోతాయి. పసిదాన్ని పడుకోబెట్టాక ఒక్కోరోజు అల్లుడుగారు నన్ను కార్లో రేవు గట్టు దాకా తీసుకెళ్లేవారు.

అక్కడ ఓ రోజు క్రేను కనిపించింది. దానికి ఇనుప దోసిలిలాంటి తొట్టి. నీళ్లలోకి దిగడం, దోసెడు నల్లబురద ఎత్తుకొచ్చి పక్కనున్న బార్జీలో కుమ్మరించడం. బార్జీ నిండగానే టగ్గు దాన్ని సముద్రంవైపు లాక్కుపోయింది.

"ఎక్కడికండీ అది?" అన్నాను.

"కొన్ని మైళ్లు పోయాక నీళ్లలో వదిలేస్తారు అత్తయ్యగారూ."

చటుక్కున మా నాన్నగారు గుర్తొచ్చారు. విశాఖ పోర్టులో పనిచేసేవారాయన. చిన్నప్పుడు డ్రెడ్జర్ని చూసి నేనూ ఇదే అడిగేదాన్ని. "సముద్రంలోనే పోస్తారమ్మా" అనేవారు. "ఆ తర్వాత?" అంటే నవ్వేసి ఊరుకునేవారు.

ఆ పూట మాత్రం నాకు నవ్వు రాలేదు. పొద్దున్నే మా అమ్మాయితో, "బాలింతవి, పాలు పడాలి, సొరపుట్టు చేస్తాను, చేపలు తెప్పించవే" అని చెప్పి వచ్చాను మరి! ఆ నల్లబురద పడిన నీళ్లలో చేపలేనా నా పిల్ల తినేది?

ఇంటికొచ్చి అల్లుడుగారి ప్రాణం తీశాను. ఆయన ఇంటర్నెట్లోంచి ఓ కట్ట రిపోర్టులు తీసి ప్రింటు చేసిచ్చారు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పినదాన్ని కాబట్టి, బిడ్డ నిద్రపోయినప్పుడల్లా అవే చదువుతూ కూర్చున్నాను.

రేవన్నాక పూడిక తీయక తప్పదు, లేకపోతే ఓడలు రావు. చిక్కంతా ఆ పూడికలో ఏముందన్నదే. కనెక్టికట్ నదుల ఒడ్డున వందేళ్లకు పైగా ఇత్తడి, రాగి ఫ్యాక్టరీలు నడిచాయి. వాటి లోహాలు కొట్టుకొచ్చి రేవుల అడుగు మట్టిలో చేరాయి. అమెరికా సైన్యంలోని ఇంజనీర్ల విభాగం 1977లో ఆ తీరంలో ఓ కార్యక్రమం మొదలుపెట్టింది. పేరు డామోస్. బురద పారబోసిన చోటుని మర్చిపోకుండా మళ్లీ మళ్లీ వెళ్లి చూసిరావడమే దాని పని. మొదట్లో ఆలిచిప్పల్ని బుట్టల్లో పెట్టి అక్కడ వేలాడదీసేవారట. కొన్నాళ్లకి పైకి తీసి, వాటి ఒంట్లోకి ఏమేం చేరాయో పరీక్షించేవారు.

1979లో స్టాంఫర్డ్ అనే ఊరి రేవులోంచి లోహాలున్న మట్టి తీశారు. దాన్ని న్యూ హేవెన్‌కి దక్షిణాన సముద్రం అడుగున రెండు గుట్టలుగా పోసి, న్యూ హేవెన్ రేవులో తీసిన, అంతకన్నా శుభ్రమైన మట్టితో మూత వేశారు. ఒకదానికి ఇసుక మూత, రెండోదానికి మెత్తటి ఒండ్రు మూత. ఇది చదవగానే నాకు ఆవకాయ జాడీ కళ్లముందు మెదిలింది. ముక్కల మీద నూనె తేలేట్టు పోస్తే గాని మనకి నిద్రపట్టదు కదా! అయితే జాడీ మన అటకమీద కదలకుండా ఉంటుంది. సముద్రంలో గుట్ట అలా ఉంటుందా?

1985 సెప్టెంబరులో గ్లోరియా అనే పెద్ద తుఫాను సరిగ్గా ఆ తీరాన్నే తాకింది. అంతకు ముందు నెలలోనే అక్కడ కొలతలు తీసి ఉన్నారు కాబట్టి తుఫాను తర్వాత పోల్చి చూడటానికి వీలైంది. గుట్టలు ఉన్నచోటే ఉన్నాయి, పైపైన కాస్త చెదిరాయంతే. ముందు కొలిచి ఉండకపోతే ఆ మాట ఎవరు చెప్పగలిగేవారు?

కానీ నన్ను కట్టిపడేసింది కెమెరా. గొడ్డలి మొనలాంటి పెట్టె, దానికో గాజు ముఖం, లోపల అద్దం. దాన్ని ఓడమీంచి దించితే మట్టిలోకి జానెడు దిగి, ఆ కోతను పక్కనుంచి ఫొటో తీస్తుంది. పుచ్చకాయ కొనేటప్పుడు మూడుపలకల ముక్క కోసి లోపలి రంగు చూపిస్తాడే, అచ్చం అలాగే. యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డొనాల్డ్ రోడ్స్ 1971లోనే ఇలాంటి కెమెరా గురించి రాశారు. ఆ యేల్ ఉన్నది మా అమ్మాయి వాళ్ల ఊళ్లోనే!

ఫొటోలో పైన గోధుమరంగు పొర ఉంటే అందాకా ప్రాణవాయువు అందుతోందన్నమాట. కింద మురిక్కాలవ అడుగులాగా నలుపు. బురద పోసిన కొన్ని రోజులకో, వారాలకో సన్నటి గొట్టాల పురుగులు పైపొరలో గుంపుగా చేరతాయి. చాలాకాలం పోయాక గాని పెద్దవి రావు. అవి తలకిందులుగా మట్టిలో దూరి, లోతున తింటూ, మంచినీటిని కిందకి లాగుతాయి. అవి వచ్చాయంటే ఆ నేల కోలుకున్నట్టు. ఏళ్ల తరబడి బోర్డుమీద నీరిస్ బొమ్మ గీసి పార్శ్వపాదాలు లెక్కపెట్టించాను గాని, దాని చుట్టాలు సముద్రానికి నాడి చూస్తాయని ఒక్క పిల్లకీ చెప్పలేదు. నాకు తెలిస్తే కదా!

అలాగని అవి మరీ లోతుగా తవ్వినా తంటాయే, కిందిదాన్ని పైకి తెచ్చేస్తాయి. అందుకే మూత వాటి తవ్వకాన్ని మించి మందంగా ఉండాలి.

అన్నీ సవ్యంగానూ జరగలేదు. 1982-83లో న్యూ హేవెన్ లోపలి నదుల మట్టి పోసి, మూత వేసిన గుట్ట ఒకటుంది. దాదాపు పదేళ్ల తర్వాత చూసినా అక్కడ జీవాలు అనుకున్నంతగా కోలుకోలేదు. 1993-94లో దానిమీద ఇంకో పొర మట్టి పోశారు. పోసేసి చేతులు దులుపుకుని ఉంటే అది ఎప్పటికీ తెలిసేది కాదు. 1983లో మరో గుట్టను కావాలనే మూత లేకుండా వదిలేసి, ఏమవుతుందో చూస్తూ వచ్చారు. దీనికి మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. పరీక్షే కావచ్చు, ఆ నీళ్లలో బతికే ప్రాణుల్ని ఎవరడిగారు? ఎదురుగట్టున ఉన్న న్యూయార్క్ వాళ్లకైతే అసలు సముద్రంలో పోయడమే గిట్టదు. 2017లో తూర్పువైపు స్థలం గురించి కోర్టుకెక్కారు కూడా.

మరి చేపల సంగతి? కనెక్టికట్ ఆరోగ్యశాఖవాళ్లు అక్కడి పెద్ద బ్లూఫిష్‌ను గర్భిణులూ చిన్నపిల్లలూ తినొద్దని చెబుతారు, పీసీబీ అనే రసాయనం వల్ల. అది ఈ గుట్టలొక్కటే తెచ్చిన తంటా కాదు, తీరమంతా పోగుపడిన పాపం. ఇక నా సొరచేప సంగతంటారా, పాదరసం ఎక్కువ కాబట్టి గర్భిణులూ పాలిచ్చే తల్లులూ ముట్టుకోవద్దని అమెరికా ప్రభుత్వమే చెబుతోంది. ఇంత చదివిందాన్ని, ఆ ముక్క మా అమ్మాయి చెప్తే గాని నాకు తెలియలేదు! చివరికి కాడ్ చేపతో పుట్టు చేశాను. "సొర అనుకుని తినవే" అన్నాను. "సొర కంటే బావుందమ్మా" అంది, నా మొహం చూసి.

తిరిగొచ్చాక మన ఆర్కే బీచికి వెళ్లాను. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది మొదలు, దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక దాని గోడల దగ్గరే ఆగిపోతోంది. అందుకే దాన్ని డ్రెడ్జర్‌తో తవ్వి బీచికి పోస్తుంటారు. ఇసుక సరే, కళ్లెదుటే ఉంటుంది. రేవులోపలి బురద పడేచోట ఏ పురుగులున్నాయో, ఎన్నాళ్లకి చేరాయో తెలుసుకోవాలనిపించింది. సముద్ర జీవుల మీద పరిశోధన చేసిన నా పాత శిష్యురాలికి ఫోన్ చేశాను. "కనుక్కుని చెప్తాను మేడమ్, ముందు ఆ కెమెరా ఫొటోలు చూపించండి" అంది.

ఆదివారం టిఫిన్‌కి రమ్మన్నాను. ప్రింట్లన్నీ సూట్‌కేసు అడుగున భద్రంగానే ఉన్నాయి.